నూలుకట్టపై బొమ్మ

చెన్నపట్టణమునుండి విజయవాడకు పోవు రైలుమార్గమున, చీరాలకు ప్రక్కనే, వేటపాలెము అను ఊరు కలదు. ఇది ఇప్పుడు బాపట్ల జిల్లాలో చేరియున్నది. ఇచ్చటి జీడిపప్పు అందఱు నెఱిగినదే. ఇచ్చటి మగ్గములును అట్లే పేరుపొందినవి. ఈ ఊరిలోనే సారస్వత నికేతనమను గ్రంథాలయమున్నది. దానిని 1918వ సంవత్సరమున ఊటుకూరి వేంకట సుబ్బరాయ శ్రేష్ఠిగారు స్థాపించిరి. 1929లో గాంధీమహాత్ముడు ఇచ్చటికి విచ్చేసి దాని భవనమునకు శంకుస్థాపన చేసెను. పాత పత్రికల సంపుటములు వెదకుకొనుచు ఎందఱో పండితులు దూరదేశములనుండి సైతము ఈ చిన్న ఊరికి వచ్చుచుందురు.

గ్రంథాలయములో పుస్తకములు నిలిచినవి, పత్రికలు నిలిచినవి. కాని నేతగాండ్ర యిండ్లలోనికి అనేక సంవత్సరములు పుస్తకములకంటె ఎక్కువగా వచ్చిన అచ్చుకాగితము వేఱొకటి యుండెను. దానిని ఎవ్వరును దాచలేదు. అది నూలుకట్టపై అంటించిన బొమ్మ.

అరచేతియంత కాగితము. చుట్టును బంగారు వన్నె అంచు. నడుమ తామరపూవుపై లక్ష్మీదేవి, లేక మురళి పట్టిన కృష్ణుడు, లేక పర్వతము మోయుచున్న హనుమంతుడు. కొన్నిటిపై ఏనుగు, పెద్దపులి, నెమలి, పొగయోడ. క్రిందిభాగమున ఇంగ్లీషు అక్షరములలో ఏదో కంపెనీ పేరు. లక్ష్మీదేవి బొమ్మను చించుటకు ఏ ఇల్లాలికి చేయి వచ్చును? తడిపి మెల్లగా ఊడదీసి గోడకో, పెట్టె మూతకో అంటించెడివారు. ఆ బొమ్మ వేలకొలది మైళ్ల దూరముననున్న మాంచెస్టరు నగరమునుండి వచ్చిన వ్యాపార ప్రకటన యని ఆమె తలపునకు రాదు.

ఈ బొమ్మలెందుకు వచ్చినవో తెలియవలెనన్న, మొదట మన తీరపు వర్తకము తలక్రిందులైన విధమును చూడవలయును. 1611లో ‘గ్లోబు’ అను ఇంగ్లీషువారి ఓడ, నేడు రేపల్లెకు దక్షిణమున నున్న నిజాంపట్నపు రేవున ఆగెను. ఆనాటి ఐరోపావారు ఆ రేవును పేటపోలి యనెడివారు. వారు వచ్చినది మన బట్టలు కొనుటకు. ఆ ప్రాంతమున ఇసుకనేలలో పెరుగు చిరివేరుతో అద్దిన ఎఱుపు, ఎన్ని ఉతుకులకైనను వెలిసిపోదని దేశదేశముల పేరుపొందెను. ఆ ఎఱ్ఱని బట్టకై ఓడలు వచ్చెను. రెండున్నర శతాబ్దములు గడచునప్పటికి అదే తీరమునకు ఓడలు వేఱు పనిమీద వచ్చుచుండెను. ఇంగ్లండులో ఆవిరియంత్రములు నూలు వడకసాగెను. ఆ నూలు మన రాట్నపు నూలుకంటె చౌక. పోగు సమముగా నుండెడిది. పందొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధము నాటికి ఆంధ్రతీరమున మగ్గములు పెక్కు సీమనూలుమీదనే ఆడుచుండెను. బట్ట మనవారు నేసినదే. నూలు మాత్రము పరాయిది.

ఇచ్చట నేతపనివాని కష్టము నొకదానిని చెప్పవలయును. నూలునకు నెంబరుండును. 40 నెంబరు నూలన్న, ఒక పౌను నూలులో 40 చిలపలుండవలెను. చిలపకు 840 గజములు. పది పౌనుల కట్టలో ఇట్టివి 400 చిలపలు. కొనువాడు ఆ కట్టనంతయు విప్పి కొలుచుకొనునా? విప్పిన పిమ్మట అంగడివాడు తిరిగి తీసికొనునా? నూలు పలుచనిదైనను, చిలప పొట్టిదైనను, ఆ సంగతి పడుగు సాచిన తరువాతగాని బయటపడదు. అప్పటికి గంజిపెట్టుటయు, ఆరబెట్టుటయు, ఇంటిల్లపాది పనియు ముగిసియుండును. ఆ నూలు చాలమాఱు అప్పుమీద తెచ్చినదే. నాసినూలు దొరకినచో ఆ నెల కూలి పోయి, అప్పు మిగులును.

కావున వాడొక గుర్తును నమ్ముకొనెను. క్రిందటిమాఱు తెచ్చిన కట్టపై ఏ బొమ్మయున్నదో ఆ బొమ్మనే మరల అడుగును. ఆ నూలు తయారుచేసిన దొర పేరేమి, ఊరేమి అతనికి తెలియదు; పలుక నోరు తిరుగదు కూడ. ‘ఏనుగు మార్కు’, ‘నెమలి మార్కు’ అన్న చాలును. సంతలోనైనను, షావుకారు కొట్టులోనైనను మాట తెగును. ఒక్క తెలుగుదేశముననే కాదు. గుజరాతీ, అరవము, బర్మా, అరబ్బీ మాటలాడు ప్రజలందఱకును ఒకే సరకు అమ్మవలసిన వర్తకునకు బొమ్మకంటె మంచి భాష లేదు. చదువురానివాడే గాక, చదువు వచ్చినవాడు సైతము ఆ బొమ్మనే చూచెడివాడు.

బొమ్మకు విలువ కలుగగానే దొంగబొమ్మలు పుట్టినవి. దీనిని గూర్చి ఒక ప్రసిద్ధమైన వ్యాజ్యమున్నది. స్కాట్లండులో ఆర్ ఈవింగ్ అను కంపెనీవారు ఎఱ్ఱరంగు వేసిన నూలును బొంబాయికిని, ఏడెను రేవునకును పంపుచుండిరి. వారి కాగితముపై రెండేనుగులు, వాని నడుమ ఒక పతాక ఉండెను. బొంబాయి అంగళ్లలో ఆ నూలునకు కంపెనీ పేరు లేదు. ‘బే హాథీ’ అనగా ‘రెండేనుగులు’ అనుటయే వాడుక. జాన్‌స్టన్ అను మఱియొక వర్తకుడు తన నూలునకును రెండేనుగుల బొమ్మ అంటించెను. వివరములలో రెండు బొమ్మలకును తేడాలు కలవు. ప్రక్కప్రక్కన పెట్టి చూచిన, ఇంగ్లీషు చదివినవాడు అవి వేఱువేఱని సులభముగా చెప్పగలడు. వ్యాజ్యము మెట్లెక్కి మెట్లెక్కి 1882లో లండనులోని ప్రభువుల సభకు చేరెను. నూలు కొనువాడు రెండు కాగితములను ప్రక్కప్రక్కన పెట్టుకొని కొనడు. మనసులో ‘రెండేనుగులు’ అను మాట మాత్రము పెట్టుకొని అంగడికి వచ్చును. అట్టివాడు మోసపోవును గావున జాన్‌స్టన్ ఆ బొమ్మను వాడరాదని తీర్పయ్యెను.

ఈ తీర్పు గెలిపించినది స్కాట్లండు కంపెనీనే, సందేహము లేదు. లాభమును ముందుగా వారిదే. ఐనను అంత పెద్ద న్యాయస్థానమున, అక్షరము రాని కొనుగోలుదారుని చూపుతో ఒక కాగితమును చూడవలసివచ్చుట సామాన్య విషయము కాదు. ఇంగ్లండులో 1875లో వాణిజ్య చిహ్నముల నమోదుకు చట్టము వచ్చెను. ప్రత్తిసరకుల చిహ్నములు మిక్కుటమగుటచే వానికి మాంచెస్టరులో వేఱొక కార్యాలయమే ఏర్పడెను. మన దేశమున 1889లో సరకుల గుర్తులను గూర్చిన చట్టమొకటి వచ్చి, బట్టతానుపై గజముల కొలత ముద్రింపవలెనని నిర్ణయించెను. గుర్తుల నమోదుకు పూర్తి చట్టము 1940వఱకు రాలేదు.

ఇక ఆ బొమ్మలు ఎట్లు అచ్చయ్యెడివి? అక్షరములను అచ్చువేయు సీసపు దిమ్మెలతో ఇన్ని రంగుల బొమ్మలు రావు. వీనిని అచ్చువేసినది రాయి. ఆ విద్యకు లితోగ్రఫీ యని పేరు, తెలుగున శిలాముద్రణమందురు.

దీనిని కనుగొన్నవాడు జర్మనీలోని బవేరియాకు చెందిన అలోయిస్ సెనెఫెల్డర్. ఇతడు నాటకకర్త. తాను వ్రాసిన నాటకములను అచ్చువేయించుకొనుటకు డబ్బు చాలక, తక్కువ ఖర్చుతో అచ్చువేయు ఉపాయము వెదకుచుండెను. 1796లో ఒకనాడు చాకలికి వేయవలసిన బట్టల పద్దు వ్రాసికొనుమని తల్లి అడిగెనట. చేతికి కాగితము దొరకలేదు. ఎదుటనున్న నున్నని రాతిమీద, మైనమును సబ్బును కలిపి చేసిన సిరాతో ఆ పద్దు వ్రాసెను. ఆ రాతి వ్రాతనుండియే అచ్చుతీయవచ్చునను ఊహ అతనికి కలిగినదని అతడే చెప్పుకొనెను. ఊహనుండి పద్ధతి పూర్తియగుటకు మఱి రెండేండ్లు పట్టెను. నాటకములు నిలువలేదు, చాకలిపద్దు నిలిచినది.

అందలి రహస్యమంతయు నూనెకును నీటికిని గల వైరమే. బవేరియాలోని జోల్న్‌హోఫెను గనులలో దొరకు సున్నపురాయి మన కడప నాపరాతికి చుట్టమే గాని, దానికంటె మిక్కిలి మెత్తని రేణువు గలది. దానిని అద్దమువలె నునుపుచేసి, జిడ్డుగల సిరాతో బొమ్మను కుడియెడమలు మార్చి గీయుదురు. పిమ్మట తుమ్మజిగురు, కొంచెము ఆమ్లము కలిపిన నీటిని పూయుదురు. ఇప్పుడు రాతిని తడిపినచో గీతలున్నచోట నీరు నిలువదు. గీతలు లేనిచోట రాయి నీటిని పీల్చుకొనును. ఆపైన నూనెసిరా పూసిన గుండ్రని దిమ్మెను దొర్లించిన, సిరా గీతలనే పట్టుకొని, తడిచోటును విడిచిపెట్టును. కాగితము పఱచి గట్టిగా ఒత్తిన బొమ్మ దిగును. చెక్కుట లేదు, తొలుచుట లేదు. చిత్రకారుని చేతిగీత ఉన్నదున్నట్లు వచ్చును.

రంగులబొమ్మకు పని హెచ్చు. ఎఱుపునకొక రాయి, పసుపునకొక రాయి, నీలమునకొకటి, బంగారుపూతకొకటి. మంచి బొమ్మకు పది పన్నెండు రాళ్లు, ఒక్కొక్కప్పుడు ఇరువది రాళ్లు కూడ పట్టెడివి. కాగితము అన్ని రాళ్లమీదను ఒకే స్థానమున పడవలెను. వెండ్రుకవాసి జరిగినను లక్ష్మీదేవి పెదవి ఎఱుపు చెక్కిలిమీదికి పోవును. ఈ పద్ధతికి 1837లో ఫ్రాన్సు దేశమున హక్కు పొందినవాడు గోడఫ్రా ఎంగెల్మాన్. అతనిది ముల్హౌస్ అను ఊరు. అదియు వేటపాలెమువలె బట్టల ఊరే. అద్దకపు బట్టలకు పేరుపొందినది. రంగుకొక అచ్చు చొప్పున బట్టపై పువ్వులద్దు ఊరిలో, రంగుకొక రాయి చొప్పున బొమ్మలద్దు ఊహ పుట్టుట ఆశ్చర్యము కాదు.

నూలు, బట్టలతో పాటు రంగులడబ్బాలపైకిని ఈ బొమ్మలు ఎక్కినవి. 1868లో గ్రేబె, లీబర్మన్ అను జర్మను రసాయనికులు, మంజిష్ఠవేళ్లలోని ఎఱ్ఱరంగును ప్రయోగశాలలో తయారుచేయు మార్గము కనుగొనిరి. దానికి అలిజరిన్ అని పేరు. బి.ఏ.ఎస్.ఎఫ్. మొదలగు జర్మనీ కంపెనీలు దానిని డబ్బాలలో నింపి, పైన మన దేవతల బొమ్మలంటించి మన దేశమునకు పంపినవి. చీరాల ప్రాంతమున ‘తేలియా రుమాలు’ అను చదరపు బట్ట నేసెడివారు. నూలును నూనెలోను, ఆముదపు కాయల బూడిదనీటిలోను దినములతరబడి నానవేసి, పిమ్మట ఎఱుపు పట్టించెడివారు. ఆ నూనెవాసన వలననే దానికా పేరు వచ్చినది. అరబ్బుదేశములవారు దానిని తలకు చుట్టుకొనుటకు కొనిపోయెడివారు. ఈ రుమాలునకు మొదట చిరివేరు ఎఱుపు. తరువాత డబ్బాలోని అలిజరిన్ ఎఱుపు. చిరివేరు త్రవ్వి బ్రదుకువారికి పనిపోయినది. వారి పనిని తీసికొనిపోయిన డబ్బాపై మన దేవుడే చిరునవ్వు నవ్వుచుండెను. ఈ సంగతి తలచినప్పుడు ఆ బొమ్మల సొగసు కొంచెము మాసిపోవును.

ఇట్టి ప్రకటనలు మనకొఱకే పుట్టినవని తలపరాదు. ఇంగ్లండులోను రాతి అచ్చు బొమ్మలు గోడలనిండ నిండెను. జాన్ మిలే అను గొప్ప చిత్రకారుడు, సబ్బునురుగు బుడగను ఊది దానివంక చూచుచున్న బాలుని చిత్రమును 1886లో ప్రదర్శించెను. ఆ బాలుడు అతని మనుమడే. పియర్సు సబ్బు కంపెనీ యధికారి యగు టామస్ బ్యారట్ ఆ చిత్రమును కొని, బాలుని కాళ్లదగ్గఱ ఒక సబ్బుబిళ్ల చేర్చి, రంగులలో వేనవేలు అచ్చువేయించెను. కళను అంగడిపాలు చేసినారని కొందఱు చిత్రకారుని నిందించిరి. ఇంతవఱకు గొప్ప చిత్రమును కంటితో చూడని బీదవాని గోడకు ఒక చిత్రము చేరినదని మఱికొందఱు మెచ్చిరి. ఆ బాలుడు పెద్దవాడై బ్రిటిషు నౌకాదళమున అడ్మిరలయ్యెను. ఐనను అతనిని ‘బుడగలు’ అను ముద్దుపేరుతోనే పిలిచెడివారు.

ఈ వివాదమే మన దేశమున రాజా రవివర్మ విషయమునను చెలరేగెను. ఆయన 1894లో బొంబాయిలో రాతి అచ్చుకూటమును పెట్టి, జర్మనీనుండి యంత్రములను పనివారిని రప్పించెను. 1899లో అది లోనావళా దగ్గఱనున్న మలావ్లి గ్రామమునకు మాఱెను. సంపన్నుల మేడలలోని లక్ష్మి, సరస్వతి, శకుంతల చిత్రములు అణాలలో దొరకు కాగితములై పల్లెల పూజగదులకు చేరినవి. లాభము రాక రవివర్మ అచ్చుకూటమును ష్లైషర్ అను జర్మను నిపుణునకు అమ్మివేసెను. అటుపిమ్మట ఆ చిత్రములకు వ్యాపారము మఱింత దగ్గఱయ్యెను. బొమ్మ క్రింద కొంత చోటు ఖాళీగా విడిచి అచ్చువేయుదురు. కొనిన వర్తకుడు ఆ చోట తన పేరు, సరకు, సంవత్సరపు తేదీలు చేర్చి ఖాతాదారులకు పంచిపెట్టును. మన యిండ్లలోని క్యాలెండరు పుట్టుక ఇదియే. సంవత్సరము గడచిన పిమ్మట తేదీలను కత్తిరించి, దేవుని బొమ్మకు చట్రము కట్టించి, గంధము కుంకుమ పెట్టి పూజించెడివారు. ఒక్కొక్కప్పుడు కత్తిరించుట మఱచిన, స్వామి పాదముల క్రింద సబ్బు పేరో, పిల్లల మందు పేరో నిలిచిపోయెడిది. దేవుడు దానికి ఆక్షేపించినట్లు కనబడదు.

స్వదేశోద్యమ కాలమున ఈ ఆయుధము చేతులు మాఱెను. కలకత్తా ఆర్టు స్టూడియో 1878లో స్థాపింపబడిన రాతి అచ్చు చిత్రశాల. వారి కాళికాదేవి చిత్రముపై, 1908 ప్రాంతమున, స్వదేశపు సిగరెట్ల ప్రకటన అచ్చయ్యెను. దేశభక్తికిని సిగరెట్టునకును ముడిపెట్టుట మెచ్చదగినదో కాదో మీరే యోచింపుడు. బొంబాయి, అహమ్మదాబాదుల మిల్లులును మాంచెస్టరువారి పద్ధతినే అనుసరించి, తమ తానులపై దేవతలను, తరువాత భారతమాతను, దేశనాయకులను అంటించినవి. 1921లో గాంధీజీ బొంబాయిలో విదేశవస్త్రముల రాశికి నిప్పంటించెను. సీమతానులు కాలినచోటులలో, వానికంటించిన కృష్ణుడును లక్ష్మియు కూడ కాలియుందురు. సీమనూలుతో మన నేతగాడు నేసిన బట్ట స్వదేశమా, విదేశమా? ఈ ప్రశ్నకు జవాబు చెప్పుట వేదికపై సులభము. మగ్గముగుంటలో కూర్చున్నవానికి సులభము కాదు. రాట్నపు నూలు చాలినంత లేదు, మిల్లునూలు లేనిదే మగ్గము ఆడదు.

తెలుగువారిలో ప్రకటన బలమును బాగుగా గుర్తెఱిగినవారు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు. 1893లో బొంబాయిలో అమృతాంజనము తయారుచేయ నారంభించి, సంగీతసభలలో దానిని ఉచితముగా పంచిపెట్టి పేరు తెచ్చిరి. ఆ లాభముతో 1908లో ఆంధ్రపత్రికను స్థాపించిరి. ప్రజలు అక్షరము నేర్చుకొనుచున్నకొలది ప్రకటనయు బొమ్మనుండి అక్షరమునకు జరిగెను. అందుచేతనే నూలుకట్టపై కాగితము పోయినను, పత్రికలలోని ప్రకటనలు మాత్రము గ్రంథాలయములలో బ్రదికియున్నవి. పాత పత్రికను చదువువారు వార్తలతోపాటు ఆ ప్రకటనలను గూడ చదువవలెనని నా మనవి. ఆనాటి ధరలు, జబ్బులు, కోరికలు వార్తలలోకంటె వానిలోనే ఎక్కువగా తెలియును.

బరువైన రాళ్లకు బదులు పలుచని జింకు రేకులు, అల్యూమినియము రేకులు వచ్చినవి. నూనె నీరు కలియవను సూత్రము మాత్రము మాఱలేదు. నేడు పాఠ్యపుస్తకములను అచ్చువేయు ఆఫ్‌సెట్ యంత్రమును సెనెఫెల్డర్ చాకలిపద్దునకు మునిమనుమడే.

ఆ నూలుబొమ్మలు నేడు ఎక్కువగా బ్రిటనులోని ప్రదర్శనశాలలలోను, కొన్ని బెంగుళూరులోని కళా ప్రదర్శనశాలలోను భద్రముగా నున్నవి. అవి ఎవరికొఱకు గీయబడినవో వారి యిండ్లలో మిగిలినవి అరుదు. మీ ఊరిలో పాత నేతయిల్లు ఏదైన నున్నచో, పెద్దల అనుమతితో వారి భోషాణమో కొయ్యపెట్టెయో తెఱచి, మూత లోపలివైపు చూడుడు. రంగు వెలిసిన ఒక ఏనుగో, నెమలియో కనబడవచ్చును. కనబడిన, గోటితో గీకకుడు. క్రింద కంపెనీ పేరును, ఊరి పేరును ఒక కాగితముపై వ్రాసికొని, ఆ నూలుతో ఏమి నేసిరో ఆ ఇంటి అవ్వను అడుగుడు.